చాలు కొలత

"నోరు ఇంకాస్త తెరువమ్మా," అంది కాత్యాయని.

భ్రమరాంబ తెరిచింది. కూతురు సన్నటి పట్టకారుతో ఆవగింజంత తెల్లపూస తీసి, కింది దవడలో చివరి పంటి వెనక అంటించింది. నీలం కాంతి చూపించి కాసేపు పట్టుకుంది.

"అయిపోయిందా? పన్నేదో పీకుతావనుకున్నానే!"

"పీకేదేదో మా ఆయన నాలిక పీకు తల్లీ," అంది వెనక వంతు కోసం కూచున్న కామేశ్వరి. "ముప్పొద్దులా కూరలో ఉప్పు లేదంటున్నారు."

అరుగు మీద ఆడవాళ్ళంతా నవ్వారు. సామర్లకోటలో పాత పోస్టాఫీసు వీధి అది. శుక్రవారం శుక్రవారం భ్రమరాంబ ఇంట్లో పారాయణకు చేరే ఆడవాళ్ళందరూ ఆ ఉదయం పూసలు వేయించుకోవడానికి వచ్చారు.

కాత్యాయని తల్లి నోట్లో చెంచాడు పులిహోర పెట్టి, చేతిలోని ఫోను అందరికీ చూపించింది. భ్రమరాంబ మింగుతుండగానే తెర మీద అంకెలు కదిలాయి. అన్నం ఇంత, నూనె ఇంత, ఉప్పు ఇంత, చింతపండు ఇంత. పంటికింద పడ్డ వేరుశనగ గుళ్ళు కూడా లెక్కకు వచ్చాయి.

"లాలాజలంలో ఏది కలిసినా దీనికి తెలుస్తుంది. మింగిన ప్రతి ముద్దా తూకం వేస్తుంది," అంది కాత్యాయని. తరవాత కామేశ్వరికి పూస వేసి ఫోను చూసి ఆగిపోయింది. "అత్తా, నోట్లో బెల్లం ఏమిటి? నీకు షుగరు కదా?"

"నైవేద్యం బెల్లమే. కళ్ళకద్దుకున్నానంతే."

"కళ్ళకద్దుకుంటే పూసకు తెలీదు అత్తా."

ఆ నవ్వుల్లో కామేశ్వరి కూడా కలిసింది.

కాత్యాయని హైదరాబాదులో ఒక ఆహార పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. మనుషులు ఏం తింటారో తేల్చడానికి అంతవరకు ఉన్న దారి ఒక్కటే, అడగడం. నిన్న ఏం తిన్నారమ్మా అంటే ఏ ఇల్లాలైనా చెప్పేది ఒకటే మాట, "ఏదో ఇంత అన్నం, ఇంత చారు." ఆ 'ఇంత' ఎంతో ఎవరికీ తెలియదు. ఇంటి పరువు కోసం కొందరు పెంచి చెబుతారు, తిండిపోతు అనుకుంటారని కొందరు తగ్గించి చెబుతారు. ఆ మాటలనే అంకెలుగా మార్చి హాస్టలు పిల్లలకూ ఆసుపత్రి రోగులకూ ఎంత వండాలో నిర్ణయిస్తున్నారు.

కాత్యాయనికి చిన్నప్పటినుంచి ఒక దృశ్యం కళ్ళలో ఉండిపోయింది. అందరి భోజనాలూ అయ్యాక అమ్మ వంటింట్లో పీట వాల్చుకుని, గిన్నె అడుగు గీకి, మజ్జిగ పోసుకునేది. ఎవరైనా అడిగితే "నా భోజనం అయిపోయింది" అనేది. గిన్నె అడుగున మిగిలినదే ఆడదాని వంతు అని అంకెల్లో రుజువు చేస్తే, ఆ వంతు పెంచక తప్పదని కాత్యాయని ఆశ. నాలుగేళ్ళ కష్టం ఆ ఆవగింజలో ఉంది.

"ఒక్కటే షరతు," అంది వెళ్ళేముందు. "పూస ఉందని ఏమీ మార్చకండి. రోజూ ఎలా తింటారో అలాగే తినండి. వారం వారం మా ఆఫీసు నుంచి ఫోను వస్తుంది, మామూలుగా తింటున్నారా అని. మార్పుంటే చెప్పాలి."

"మార్చం లేవే," అంది భ్రమరాంబ.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. కానీ మర్నాడు శుక్రవారం హారతి అయ్యాక పళ్ళెం కింద పెట్టి, అందరినీ దగ్గరకు పిలిచింది.

"మన పిల్ల నిద్రాహారాలు మానుకుని ఈ పని చేస్తోంది. దాని ప్రయోగం ఫలించాలని అమ్మవారికి మొక్కుకున్నాను. ఒక మండలం పాటు ఏకభుక్తం. పగలు ఒక్కపూట భోజనం, సాయంత్రం చాప మీద కూచుని జపం, అంతే."

"నేనూ ఉంటాను వదినా," అంది కామేశ్వరి. ఆ వీధిలో ఒకరు వ్రతం పడితే మిగతావాళ్ళు ఊరుకోరు. ఒకరి తరవాత ఒకరు తలలూపారు.

"మరి కాత్యాయని ఏమీ మార్చొద్దంది కదా?" అని ఒకావిడ అనుమానపడింది.

"మార్చడం ఏముందమ్మా? మాఘమాసంలో ఉంటాం, కార్తీకంలో ఉంటాం, ఏకాదశులకు ఉంటాం. మనకు ఇదీ మామూలే కదా. దానితో మాత్రం ఎవరూ అనకండి. మొక్కు బయటికి చెబితే ఫలం ఉండదు."

వారం వారం ఫోను వచ్చేది. మామూలుగా తింటున్నారా అని అడిగేవారు. "ఆయ్, మామూలేనండి," అనేవారు. అది అబద్ధమని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. భక్తితో అన్న మాటకు తూకం వేసే పూసను ఎవరూ కనిపెట్టలేదు కదా.

*

హైదరాబాదులో ప్రయోగశాల తెర మీద ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క గీత. ఎన్నో ఊళ్ళలో పూసలు వేశారు. చాలాచోట్ల గీతలు కాత్యాయని అనుకున్నట్టే ఉన్నాయి. పాత పోస్టాఫీసు వీధి గీతలు మాత్రం ఆమె అనుకున్నదానిలో సగానికి పడిపోయి, అక్కడే నిలకడగా సాగాయి. అమ్మ గీత అన్నింటికంటే కింద ఉంది.

ఇన్నాళ్ళూ అమ్మ ఇంతే తిందా? ఆ బాధలోనే ఒక పట్టుదల కూడా పుట్టింది. ఈ అన్యాయం ఇక దాచలేరు అనుకుంది. తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నిజంగా మామూలుగానే తింటున్నావా?"

"అమ్మవారి దయవల్ల అంతా సక్రమంగానే ఉందే. నువ్వు వేళకు తింటున్నావా లేదా?"

మండలంతో పాటే కొలిచే గడువూ ముగిసి, రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. కేంద్రం డైరెక్టరు డాక్టర్ దేశికన్ ఆమెను గదిలోకి పిలిచారు. మృదుభాషి, ఎవరినీ గద్దించి ఎరగరు.

"చూశావా కాత్యాయనీ? కాస్త బరువు తగ్గారు. షుగరు తగ్గింది. బీపీ తగ్గింది. అన్ని ఊళ్ళకంటే తక్కువ తిన్నవాళ్ళు అన్ని ఊళ్ళకంటే ఆరోగ్యంగా ఉన్నారు."

"వాళ్ళు అర్ధాకలితో ఉన్నారు సార్. నేను చూపించాలనుకున్నది అదే."

"ఆకలితో ఉన్నారని నువ్వంటున్నావు. వాళ్ళ రక్తం అనడం లేదు. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ వాళ్ళేమన్నారు? మామూలే అన్నారు." ఆయన తెర మీది గీతలను మురిపెంగా చూశారు. "మనిషికి ఎంత కావాలో ఇంతకాలం ఊహించాం. ఎంత చాలో ఈ వీధి చూపించింది."

దానికి చాలు కొలత అని పేరు ఆయనే పెట్టారు. ఆ పత్రం మీద మొదటి పేరు కాత్యాయనిది. ఆమె అభ్యంతరాలు పత్రం చివర చిన్న అక్షరాల్లో అచ్చయ్యాయి. అప్పటికి వరసగా రెండేళ్ళు పంటలు పోయి ఉన్నాయి, గిడ్డంగుల్లో బియ్యం తరిగిపోతోంది. తక్కువతో చాలుననే మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు చిన్న అక్షరాలు కనిపించలేదు.

ఆ ఏడాదే కేంద్రం నుంచి రెండో రకం పూస వచ్చింది, ఆ పనిలో కాత్యాయనీ ఉంది. కొలవడంతో అది ఆగదు. పూటకు రాసిపెట్టిన కొలత దాటిన మరుక్షణం నోట్లో చేదు పుట్టిస్తుంది. ముందు ఆసుపత్రుల్లో వేశారు, తరవాత హాస్టళ్ళలో, ఆ తరవాత రేషను తీసుకునే ప్రతి ఇంట్లో. తీయించుకుంటే రేషను ఉండదు. ఆదర్శ వీధి అని పాత పోస్టాఫీసు వీధికి కేంద్రంవాళ్ళు మిగతా ఇళ్ళన్నిటికంటే ముందే వచ్చి, పాత పూసలు తీసి కొత్తవి వేసి, శాలువాలు కప్పి వెళ్ళారు.

"రోజూ ఉగాది పచ్చడి తిన్నట్టుంది వదినా," అంది కామేశ్వరి మొదటి రోజే.

"మితంగా తినమని పెద్దలు చెప్పిందే కదా," అంది భ్రమరాంబ. ఆ శుక్రవారం చక్కెర పొంగలి చేసి వీధంతా పంచింది. కూతురి ప్రయోగం దేశమంతా పాకింది. వ్రతం ఫలించింది.

పొంగలి రెండో చెంచాకే అందరికీ చేదెక్కింది. గిన్నెలు కొంగు చాటున పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు.

*

వీధిలో పూసలు వేశాక కాపురానికి వచ్చిన భ్రమరాంబ కోడలు హిమజకు అయిదో నెల వచ్చింది. పురుడు పోసే ఆసుపత్రిలో పేరు రాయించుకున్న రోజునే ఆమెకూ పూస వేశారు. గర్భిణికి చాలు కొలత మీద కొంత కలిపి ఇస్తామన్నారు.

ఆ మధ్యాహ్నం భ్రమరాంబ వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి కోడలి ముందు పెట్టింది. హిమజ నాలుగు ముద్దలు గబగబా తింది. అయిదో ముద్ద నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టి ఆగిపోయింది.

"చేదండీ అత్తయ్యగారూ."

"నీకు కొలత పెంచారు కదా, పూసది కాదు. వేవిళ్ళమ్మా. అయిదో నెల్లోనూ ఉంటాయి కొందరికి."

"నాకు వాంతి రావట్లేదండీ. ఆకలేస్తోంది. నోరే ఒప్పుకోవట్లేదు."

చింతకాయ పచ్చడి వేసింది, నిమ్మకాయ కారం వేసింది, పెరుగన్నం పెట్టింది. ఏది పెట్టినా నాలుగు ముద్దలే. హిమజ చెంపలు లోతుకు పోయాయి. ఆకలితో పడుకుని, ఆకలితో లేచేది. పక్కింట్లో తాలింపు వాసన వస్తే ఏడ్చేది.

ఏడో నెలలో స్కానింగు తీశారు. డాక్టరమ్మ తెర మీద బిడ్డను రెండుసార్లు కొలిచింది.

"బిడ్డ ఎదగడం లేదు. అయిదో నెల బిడ్డంత ఉంది. ఇలాగే ఉంటే నెలలు నిండేదాకా నిలవడం కష్టం."

"మరి ఎక్కువ తిననివ్వండమ్మా! ఆ పూస తీసేయండి," అంది భ్రమరాంబ.

"తీస్తే పురుడు మేం పొయ్యకూడదు, నిబంధన. అయినా కొలతలో తప్పేం లేదండి. ఊరికే వేసిన అంకె కాదిది." డాక్టరమ్మ అభిమానంగా నవ్వింది. "మీ ఊరిదేనటగా. పాత పోస్టాఫీసు వీధి ఆడవాళ్ళు ఇంతే తిని దివ్యంగా ఉన్నారట. అదే అందరికీ పెట్టారు."

భ్రమరాంబ కుర్చీ చేతిని పట్టుకుంది.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో కోడలు ఏదో అడిగింది. ఆమెకు వినిపించలేదు. నోట్లో మంత్రం తిరుగుతోంది కానీ మనసు ఒక్కచోటే ఆగిపోయింది. ఉపవాసం అమ్మవారు అడిగిందా? మనమే ఇచ్చామా? అడగనిది ఇస్తే ఆవిడ ఏం చేస్తుంది?

*

కాత్యాయని మర్నాటి ఉదయం రైలు దిగి తిన్నగా ఇంటికి వచ్చింది. వంటింట్లో తల్లి పీట మీద కూచుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"ఏమైందమ్మా? ఫోనులో ఏడుపే తప్ప మాట లేదు."

"కాత్యా, అప్పుడు నువ్వు పూసలు వేసి వెళ్ళావు చూడు. ఆ మండలం మేం ఏకభుక్తం ఉన్నామే."

"ఎవరు?"

"అందరం. నీ ప్రయోగం ఫలించాలని."

కాత్యాయని సంచీ కింద పెట్టి తల్లి ఎదురుగా కూచుంది.

"ఏమీ మార్చొద్దన్నాను కదమ్మా."

"మార్చామనుకోలేదే. అది మాకు మామూలే అనుకున్నాం." భ్రమరాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిట్టు. నీకు చేతనైనంత తిట్టు. కానీ దాని కడుపులో బిడ్డను మాత్రం నిలబెట్టవే."

కాత్యాయని తల్లి పక్కకు జరిగింది. ఏ అమ్మ ఆకలిని లోకానికి చూపించాలనుకుందో, ఆ అమ్మే ఇంకా కడుపు మాడ్చుకుంది, తన కోసం. ఆ ఆకలే ఇప్పుడు హిమజ నోట్లో చేదై కూచుంది.

అక్కడినుంచే దేశికన్‌కు ఫోను చేసి, తల్లికీ వినిపించేలా పెట్టింది. అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బాధగా ఉంది కాత్యాయనీ. కానీ పూస అబద్ధం చెప్పలేదు కదా. వాళ్ళు తిన్నది అంతే, బతికింది అంతతోనే."

"ఒక్క మండలం సార్! సాయంత్రాలు చాప దిగకుండా కూచున్నారు. ఆ కొలత మీద ఏళ్ళ తరబడి ఎవరూ బతకలేరు. మళ్ళీ కొలుద్దాం."

"ఎవరిని కొలుస్తావు?"

కాత్యాయని నాలిక తన పంటి వెనకున్న పూసను తడిమింది.

"ఇప్పుడు అందరి నోళ్ళలోనూ చేదుపూసే ఉంది," అన్నారాయన మెల్లగా. "కొలత దాటి ఎవరూ తినరు. మళ్ళీ కొలిస్తే మళ్ళీ అదే అంకె వస్తుంది. ప్రతి నెలా వస్తూనే ఉంది, నువ్వూ చూస్తున్నావు. ఇంత నిలకడైన అంకె నా అనుభవంలో లేదు."

"ఎవరైనా దాటి తింటే?"

"కొలత దాటిందంటే పూస పాడైనట్టు లెక్క. మనవాళ్ళు వెళ్ళి మారుస్తారు."

ఫోను ఆగిపోయింది. పక్కగదిలోంచి హిమజ దగ్గు వినిపించింది. భ్రమరాంబ లేచి మొహం కడుక్కుంది.

"ఒక్కరు దాటితే పూస పాడైందంటారు. వీధంతా దాటితే?"

"అన్నీ పాడయ్యాయంటారేమో అమ్మా."

"ఊళ్ళన్నీ దాటితే?"

కాత్యాయని తలెత్తింది.

"అవి మార్చడానికి వాళ్ళకు ఎంత కాలం పడుతుందే?"

"తెలీదు." కాత్యాయని ఫోను పక్కన పెట్టింది. "చేదు ఎంత ఘాటుగా ఉంటుందో నీకు తెలుసు కదమ్మా. మనిషి ఓర్చుకోలేనంతగా దాన్ని తయారు చేశాం."

"తినకుండా ఉండడం ఓర్చుకున్నవాళ్ళం. తినడం ఓర్చుకోలేమా?"

*

శుక్రవారం హారతి అయ్యాక భ్రమరాంబ మళ్ళీ పళ్ళెం కింద పెట్టింది. జరిగింది దాచకుండా చెప్పింది. ఎవరూ ఆమెను నిందించలేదు. వ్రతం పట్టింది అందరూ.

"ఈసారి మొక్కు వేరు. రోజూ మధ్యాహ్నం ఇక్కడే పంక్తి. కడుపు నిండేదాకా తినాలి. నోరు ఏమన్నా సరే. ఈ మొక్కు దాచొద్దు, కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పండి."

"ఇదేం వ్రతం వదినా, జన్మలో వినలేదు," అంది కామేశ్వరి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మా ఆయన్ని కూడా తీసుకురానా? ఉప్పు లేదనే తీరిక ఉండదు పాపం."

మొదటి పంక్తి నాడు వీధి అరుగు మీద విస్తళ్ళు వేశారు. మొదటి ముద్దలు బాగానే దిగాయి. తరవాత ఒక్కొక్కరి మొహం మారుతూ వచ్చింది. వేపాకు నమిలినట్టు మొదలై, నాలిక మొద్దుబారి, గొంతు మూసుకుపోయేంత చేదు. ఒకావిడ లేచి వెళ్ళి వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, మళ్ళీ వచ్చి విస్తరి ముందు కూచుంది. కాత్యాయని కూడా పంక్తిలోనే ఉంది. చేదు ఎంత ఉండాలో నిర్ణయించిన గదిలో తనూ కూచున్న సంగతి ఆమె నాలిక మీద ఉంది.

భ్రమరాంబ కోడలి పక్కన కూచుని ఒకే విస్తట్లో అన్నం కలిపింది. హిమజ నోట్లో ఒక ముద్ద, తన నోట్లో ఒక ముద్ద.

"అయిదోది, తీసుకో అమ్మా."

హిమజ కళ్ళు మూసుకుని మింగింది. కన్నీళ్ళు చెంపల మీదుగా విస్తట్లోకి జారాయి. నోరు తెరిచింది. ఇంకో ముద్ద. ఇంకోటి.

రోజులు గడిచాయి. పక్క వీధిలో పంక్తి మొదలైందని ఒకరు చెప్పారు. పెద్దాపురంలో అట అని ఇంకొకరు. ఒక మధ్యాహ్నం హిమజ ముద్ద మింగుతూ చటుక్కున అత్తగారి చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. చాలారోజుల తరవాత.

అదే సమయానికి వీధిలో తెల్ల బండి ఆగింది. కేంద్రం మనిషి దిగాడు. మీసాలు నెరిసినవాడు, చేతిలో పెట్టె. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"నమస్కారమండి. వీరభద్రరావంటారు. ఈ వీధి పూసలన్నీ పాడైనట్టు చూపిస్తోందండి. మార్చి వెళ్తాను. కొత్తవాటి చేదు ఇంకాస్త ఘాటండి."

కాత్యాయని లేవబోయింది. తల్లి ఎడమచేత్తో ఆమెను ఆపింది.

"అలాగే బాబూ. పంక్తి మధ్యలో లేవకూడదు. నువ్వూ వచ్చి కూచో. విస్తరి వెయ్యండర్రా."

"వద్దండి. నా కొలత పొద్దున్నే అయిపోయిందండి."

"కొలత అడగలేదు. ఆకలిగా ఉందా?"

అతను ఆవిరి లేస్తున్న అన్నం వంక చూశాడు. పెట్టె గడప పక్కన పెట్టి, చెప్పులు విడిచి, పంక్తి చివర కూచున్నాడు. కామేశ్వరి అన్నం వడ్డించి పప్పు వేసింది. మొదటి ముద్దకే అతని మెడనరాలు బిగిశాయి. మింగాడు.

"ఎలా ఉంది బాబూ?"

"చేదండి." ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "ఆకలి కూడానండి."

చొక్కా జేబులో ఫోను మోగింది. కేంద్రం నుంచే. అందరూ తింటున్న చేతులు ఆపి అతని వంక చూశారు. వీరభద్రరావు పప్పన్నం అంటిన కుడిచేతిని చూసుకున్నాడు, ఎడమచేతిని ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

"చెయ్యి ఎంగిలిదండీ," అన్నాడు ఎవరితోనో.

ఫోను మోగి మోగి ఆగి, మళ్ళీ మొదలైంది. వీధి చివర ఇంకో తెల్ల బండి మలుపు తిరిగింది, దాని వెనక ఇంకోటి. హిమజ అటు చూసి, అత్తగారి వైపు తిరిగి తరవాతి ముద్దకు నోరు తెరిచింది.